పాకం ఎవరు పట్టాలి?

ప్రశ్న: అమ్మా, నాకు 36 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం. పుట్టిల్లు సిద్దిపేట దగ్గర పల్లె, అత్తిల్లు పాలకొల్లు దగ్గర పల్లె. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. తొమ్మిది సంక్రాంతులూ అత్తగారింట్లోనే జరిగాయి. పండక్కి 14 మందిమి చేరతాం. అత్తయ్య, మామయ్య, బావగారి కుటుంబం, ఆడపడుచు కుటుంబం, మేమూ మా పాపా, ఒకరిద్దరు చుట్టాలు. మగవాళ్ళు పొద్దున్నే కాఫీ తాగి కోడిపందేల బరుల దగ్గరికి పోతే మళ్ళీ భోజనాల వేళకే కనిపిస్తారు. నేను సెలవు పెట్టుకుని వెళ్ళేది నాలుగు రోజులు, ఆ నాలుగు రోజులూ పొయ్యి దగ్గరే.

పోయినేడు అరిసెలు నన్ను చేయమన్నారు. నూనెలో వేసినవి వేసినట్టే విచ్చిపోయాయి. మా తోడికోడలు అందరి ముందూ "తెలంగాణ చేతులకి పాకం ఎక్కడ కుదురుతుంది లెండి" అంది. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నేను దొడ్లోకెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

ఈ సెప్టెంబరులో అత్తయ్యకి రెండు మోకాళ్ళూ మార్చారు. ఆవిడ ఎక్కువసేపు నిలబడలేరు. "ఈసారి కోడళ్ళిద్దరూ చూసుకుంటారు" అని మామయ్య ఫోన్లో తేల్చేశారు. అప్పట్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. డిసెంబరు వచ్చేసరికి తలనొప్పులు, ప్రతి చిన్నదానికీ ఆయనతో గొడవ. వెళ్ళకుండా ఉండలేను, వెళ్తే ఏమవుతుందోనని దడ. తొందరగా అయిపోయే వంటలు చెప్తారా? వాళ్ళ మాటలు మనసుకి పట్టకుండా ఉండాలంటే ఏం చేయాలో కూడా చెప్పండి. నాన్న పోయాక మా అమ్మ ఒక్కతే ఉంటోంది, పండక్కి సకినాలు చేసి డబ్బాలో పోసి పంపుతుంది.

జవాబు: "అమ్మా" అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు ఆ అరిసెల పంచాయితీ తేల్చేద్దాం. అది తేలితే గానీ మిగతాది నీ చెవికెక్కదు.

అరిసె నూనెలో విచ్చిందంటే పాకం లేతదన్నమాట. ముదిరితే మాత్రం రాయి. ఈ రెంటికీ మధ్య ఉండేది రెండు మూడు నిమిషాలు, అరిసె జాతకమంతా అందులోనే ఉంటుంది. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, ఉడుకుతున్న పాకం చుక్క అందులో వేసి, వేలితో దగ్గరికి తోస్తే మెత్తటి ఉండ కట్టాలి. చేతిలోకి తీస్తే జారిపోకూడదు. ఇది చదివి వచ్చే విద్య కాదు, ఏటేటా పక్కన నిలబడి చూసిన కళ్ళకే తెలుస్తుంది. బెల్లమైనా ఏటా ఒక్కలా ఉంటుందా అంటే ఉండదు. ఇక పిండి సంగతి. బియ్యం ఒక రోజంతా నానబోసి, నీళ్ళు మార్చి, వాడ్చి, తడి తడిగా ఉండగానే పట్టించి, జల్లించి, ఆరిపోకుండా గిన్నెలో నొక్కి మూత పెట్టాలి. అక్కడ తడి ఆరినా అరిసె మాట వినదు. ఆ తర్వాత అద్దేవాళ్ళొకరు, వేయించేవాళ్ళొకరు, చెక్కల మధ్య నొక్కి నూనె తీసేవాళ్ళొకరు. కనీసం ముగ్గురి పని. నీ పక్కన ఎందరున్నారో నువ్వు రాయలేదు, నేను ఊహించుకోగలను.

నా మొదటి సంక్రాంతికి నేను పరమాన్నం విరగ్గొట్టాను. పాలల్లో బియ్యం ఉడికి చక్కగా చిక్కబడ్డాక, పొయ్యి మీద ఉండగానే బెల్లం వేసేశాను. దించి, కాస్త చల్లారాక కలపాలని నాకు తెలీదు. మా పుట్టింట్లో పంచదారతో వండేవాళ్ళు, దానికి ఆ బాధ లేదు. మా అత్తగారు ఆ గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. ఏమీ అనలేదు. గరిటె తీసుకుని అదంతా దగ్గరపడేదాకా కలియబెట్టి, నెయ్యి పోసి, యాలకుల పొడి జల్లి, "ఇది మా కోడలి చేతి కొత్త స్వీటు" అని విస్తళ్ళలో వేసేసింది. నలభై ఏళ్ళు దాటింది. మిగతా విషయాల్లో ఆవిడ ఏమంత మెత్తని మనిషి కాదు. కానీ ఆ ఒక్క పూట పుణ్యమా అని, తర్వాత ఆవిడ మీద నాకెంత కోపమొచ్చినా సగంలోనే ఆగిపోయేది.

పోయినేడు మీ ఇంట్లో అలాంటి మాట ఒకటి అనాల్సింది మీ ఆయన. ఆయనేమో నవ్వాడు. ఆ సంగతికి వస్తాను.

మీ అమ్మ సకినాలకి వాడే పిండి ఏదో ఎప్పుడైనా ఆలోచించావా? ఇదే తడి బియ్యప్పిండి. బెల్లం పాకంలో పడితే అరిసె, నువ్వులూ వామూ పడితే సకినం. ఆ పిండిని వేళ్ళ మధ్య మెలిపెడుతూ పరిచిన గుడ్డ మీద తెగకుండా మూడు నాలుగు చుట్లు తిప్పడం ఉంది చూశావా, పాకం పట్టడమొచ్చిన వాళ్ళందరికీ అది వచ్చేయదు. మా పక్కింటి కరీంనగర్ ఆవిడ ఓ పండక్కి నాకు నేర్పబోయింది. నేను తిప్పినవాటిని చూసి, "అక్కా, ఇవి జిలేబీలా?" అని అడిగింది. చేతికి అలవాటైన పని ఊరినిబట్టి ఉంటుంది, అంతే. అందుకే "తెలంగాణ చేతులు" అన్న మాట నాకూ నచ్చలేదు. అది అరిసెల గురించి అన్నది కాదు, నీ ఊరిని అన్నది. దాన్ని వేళాకోళం కింద నువ్వు మింగక్కర్లేదు.

ఇప్పుడొకటి చెప్తాను, నీకు రుచించకపోవచ్చు. ఉత్తరం చదువుతుంటే నాకు మీ తోడికోడలి మీద కూడా జాలేసింది. ఆవిడ ఆ ఊళ్ళోనే, ఆ ఇంట్లోనే ఉంటుందనుకుంటాను. ఆపరేషన్ సెప్టెంబరులో అయిందన్నావు. అప్పట్నుంచి ఆసుపత్రికి అన్నం క్యారేజీ, ఇంటికొచ్చాక వేణ్ణీళ్ళు, మందుల వేళలు, ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ళకి కాఫీ, పరామర్శకొచ్చే చుట్టాలకి భోజనాలు, ఇవన్నీ ఎవరి చేతుల మీదుగా జరిగి ఉంటాయి? ఆవిడకి పండగ భోగినాడు మొదలవదు. ఇల్లు దులపడంతో పది రోజుల ముందే మొదలవుతుంది. నువ్వు భోగి ముందురోజు రాత్రి సూట్‌కేసుతో దిగుతావు, ముక్కనుమకి ఎక్కేస్తావు. అందరూ "పాపం, అంత దూరం నుంచి వచ్చింది" అంటారు. ఆవిణ్ణి పాపం అనే దిక్కు లేదు. ఆ అలసటకి ఎక్కడో ఓ చోట నోరొస్తుంది, పోయినేడు అది అరిసెల మూకుడు దగ్గరొచ్చింది. అలాగని ఆ మాట సరైనదైపోదు. అయినా ఆవిడ నీకు ఎదురుపక్షమని అనుకున్నావంటే ఈ పండగ కూడా అలాగే గడుస్తుంది.

అందుకని మీ అత్తగారికి, మామగారికి చేయకముందే ఆవిడకి ఫోన్ చెయ్యి. ఈ ఆదివారమే. "అక్కా, ఆపరేషన్ అయినప్పట్నుంచీ అంతా నీ మీదే పడింది కదా. పండక్కి పని తగ్గిద్దాం. నీకు చేయాలని లేనివేంటో చెప్పు, ముందు అవి కొట్టేద్దాం" అని అడుగు. ఏం వండుదామని అడిగితే జాబితా పెరుగుతుంది. ఏం మానేద్దామని అడిగితేనే మనిషి నోరు విప్పుతుంది. తొమ్మిదేళ్ళలో ఆవిణ్ణి ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా అని నా అనుమానం. మొదట "నాకేం, ఏదైనా చేస్తాను" అనే అంటుంది. రెండోసారి అడుగు. మీరిద్దరూ ఒక మాట మీదికొస్తే ఆ ఇంట్లో దాన్ని తోసేసేవాళ్ళు లేరు, వండాల్సిన నాలుగు చేతులూ మీవే కాబట్టి. పోయినేడు మాట ఆ ఫోన్లో ఎత్తకు. ఎప్పటికైనా ఎత్తాల్సిందే, కాకపోతే ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడు ఎత్తు. చేతులకి పని ఉన్నప్పుడు ఇలాంటి మాటలు తేలిగ్గా వస్తాయి.

ఇక మీ ఆయన. ఆయనతో మాట్లాడటానికి వేళ చూసుకో. పంతంగి టోల్‌గేటు దగ్గర కారు ఆగిపోయి, వెనక పాప మారాం చేస్తున్నప్పుడు ఎత్తే మాట కాదిది. ఇంట్లో ఓ కాగితం తీసుకుని పక్కన కూర్చోబెట్టు. కోపంగా ఏమీ చెప్పకు, రాయించు. రోజుకి రెండుసార్లు కాఫీ అంటే 28 గ్లాసులు, టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం పిల్లలకేదో ఒకటి, రాత్రి మళ్ళీ 14 మందికి. ఇలా మూడు రోజులు. వీటి ఎదురుగా ఎవరు చేస్తారో పేరు రాయమను. నీ పేరూ, వాళ్ళ వదిన పేరూ తప్ప మూడో పేరు లేదని ఆయన చేతిరాతలో ఆయనకే కనపడాలి. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా ఎవరెవరు రోజులో ఏ పనికెంతసేపు పెడుతున్నారో సర్వే చేయించింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. అది మామూలు రోజుల లెక్క. సంక్రాంతినాడు గోదావరి జిల్లాలో లెక్క తీసి ఉంటే ఆ 97 కాస్తా బరి దగ్గరికి వెళ్ళిపోయి ఉండేది.

ఆ తర్వాత ఫోను ఆయన చేయాలి, వాళ్ళమ్మకి. ఏమనాలో కూడా చెప్తాను. "అమ్మా, నువ్వు ఇంకా కోలుకుంటున్నావు. వదిన ఒంటిచేత్తో ఇల్లు లాగుతోంది. ఈసారి అరిసెలు, జంతికలు బయట చెప్పేద్దాం, డబ్బు నేనిస్తాను. అంట్లకి మనిషిని మాట్లాడమని అన్నయ్యకి చెప్తాను. కాఫీలు పొద్దునా సాయంత్రం నావి." ఇంతే. "మా ఆవిడ చేయలేనంటోంది" అన్న ముక్క మాత్రం ఆయన నోట రాకూడదు. వచ్చిందా, ఆ వార్త నీకంటే ముందే పాలకొల్లు చేరి వాకిట్లో పీట వేసుకుని కూర్చుంటుంది. రెండోది, ఎవరైనా నీ ఊరి మీద మాట విసిరితే ఈసారి ఆయన నవ్వకూడదు. పోట్లాడక్కర్లేదు. "వాళ్ళ సకినాలు నువ్వు చుట్టి చూడు వదినా, అప్పుడు మాట్లాడదాం" అంటే చాలు. అదే మాట నువ్వంటే జవాబు చెప్పినట్టుంటుంది, ఆయనంటే ఆ విషయం అక్కడితో ఆగుతుంది.

పందేలు చట్టం ఒప్పుకోని పని అన్న సంగతి ఆ జిల్లాలో నేను కొత్తగా చెప్పక్కర్లేదు, వెళ్ళొద్దంటే వినేవాళ్ళూ ఉండరు. కాఫీలు కలిపి వెళ్ళమను.

అరిసెలు కొనడం తప్పా అంటావేమో. పాలకొల్లు చుట్టుపక్కల డిసెంబరు నుంచే ఆర్డర్లు తీసుకుని చేసిపెట్టే ఆడవాళ్ళుంటారు, మీ తోడికోడలికి తెలిసే ఉంటుంది. అది వాళ్ళ సంపాదన కూడా. "ఇంట్లో మూకుడు పెట్టకపోతే పండగేంటి" అని మీ అత్తగారు బాధపడితే, ఒక్క కిలో బియ్యానికి మాత్రం ఇంట్లో చేయండి, శాస్త్రానికి. అప్పుడు ఆవిడకి పొయ్యి పక్కన కాస్త దూరంగా కుర్చీ వేయండి. పళ్ళెంలో నీళ్ళు ఆవిడ చేతికివ్వండి. పాకం ఎప్పుడు దించాలో ఆవిడే చెప్తారు. మోకాళ్ళు మార్చారు గానీ ఆ కళ్ళు అలాగే ఉన్నాయి కదా. ఏళ్ళ తరబడి ఆ వంటింటిని నడిపిన మనిషి ఇప్పుడు గదిలో కూర్చుని గిన్నెల చప్పుడు వినాల్సి రావడం కూడా ఒక బాధే. ఆవిడ కసురుకుంటే అందులో సగం దీనివల్లే అనుకో. పాకం ఆవిడది, కలపడం మీ తోడికోడలిది, నొక్కడం నీది. ఈసారి విచ్చిపోతే ముగ్గురూ కలిసి నవ్వచ్చు.

ఇక నువ్వడిగిన వంటలు. త్వరగా అయ్యే వంటలంటే అసలు కిటుకు రోజుల పంపకంలో ఉంది. మూడు రోజుల పిండివంటలూ సంక్రాంతినాడే విస్తట్లో పడాలని ఎక్కడా రాసి లేదు. కనుమకి ఎలాగూ గారెలుంటాయి, మినుము తినాలంటారు కాబట్టి. అలాంటప్పుడు సంక్రాంతినాడు మళ్ళీ గారెలెందుకు? ఆ రోజుకి పులిహోర, పరమాన్నం, ముక్కల పులుసు, ఓ వేపుడు, పెరుగు. బొబ్బట్లు ఎవరికైనా కావాలంటే కొనుక్కొస్తారు.

పులిహోర గుజ్జు హైదరాబాద్‌లోనే చేసుకుని సీసాలో పట్టుకెళ్ళు. కిలో బియ్యానికి 150 గ్రాముల చింతపండు చొప్పున వేణ్ణీళ్ళలో నానేసి, చిక్కగా పిసికి తీసి, నూనెలో పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి, అంచుల్లో నూనె తేలేదాకా ఉడికించాలి. చల్లారాక తడి లేని సీసాలో పోస్తే ఫ్రిజ్‌లో రెండు వారాలకి ఢోకా లేదు. పండగ పొద్దున అన్నం వార్చి బేసిన్‌లో ఆరబోసి, వేడి మీదే పసుపు, కరివేపాకు, రెండు గరిటెల నూనె కలిపి, గుజ్జు పట్టించి, తాలింపు మాత్రం అప్పటికప్పుడు వేస్తే నిన్నటిదని ఎవరూ కనిపెట్టలేరు. చివర్లో చెంచాడు ఆవపిండి కలిపితే మీ మామగారు రెండోసారి అడుగుతారు. ఇది పందెం.

ముక్కల పులుసు భోగి సాయంత్రమే పెట్టేయండి. గుమ్మడి, చిలగడదుంప, ములక్కాడ, ఆనపకాయ, బెండకాయ, ఉల్లిపాయలు. చింతపండు, బెల్లం, దించే ముందు చిక్కదనానికి కాస్త బియ్యప్పిండి. మర్నాటికి ముక్కకి పులుసు పట్టి ఇంకా బాగుంటుంది. పరమాన్నానికి బియ్యంతో పాటు గుప్పెడు పెసరపప్పు వేసి పాలల్లో మెత్తగా ఉడికించి, దించి, చల్లారనిచ్చి... ఆ పాఠం నీకు ఇందాకే చెప్పాను.

గారెలకి పొట్టు మినుములు నానేసి కడుగుతూ కూర్చోవద్దు, మినపగుళ్ళు తెప్పించు. మనిషికి 60 గ్రాముల లెక్కన 14 మందికి కిలోకి కాస్త తక్కువే పడుతుంది. నాలుగైదు గంటలు నానాక నీళ్ళు పూర్తిగా వాడ్చి, చెయ్యి తడిపి చిలకరించినంత నీళ్ళతోనే గట్టిగా రుబ్బించు. ముందురోజు రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కానీ ఉప్పు వేయకు. వేస్తే పిండి నీరు వదిలి గారె నూనె తాగేస్తుంది. ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి మూకుడు కాగాకే. పప్పు ఓ అరకిలో ఎక్కువే పోయించు, ఎందుకో చెప్తాను. నాటుకోడి మీ బావగారికి అప్పగించండి. ఆ వైపు మగవాళ్ళకి పెరట్లో గాడిపొయ్యి మీద కోడికూర వండటమంటే సరదా, వంట అనకుండా పార్టీ అని చెప్తే ఇంకా సరదా. కోడి ముదురుదైతే ముందు కుక్కర్లో ఆరేడు కూతలు రానిచ్చి అప్పుడు పొయ్యి మీదికి ఎక్కించమను. లేకపోతే భోజనాలు నాలుగింటికి.

రాత్రిళ్ళు మళ్ళీ వంటేమిటసలు? మధ్యాహ్నం అంత తిన్నాక ఎవరికీ ఆకలుండదు, "ఏం చేశారు" అని అడగడం మాత్రం అలవాటు. ఇందాక ఎక్కువ పోయమన్న మినప్పిండి ఇప్పుడు తియ్యి. గిన్నెడు మినపపప్పు రుబ్బిన పిండికి రెండు గిన్నెల బియ్యపురవ్వ, కడిగి నానబెట్టి పిండేసింది కలిపి, ఉప్పు, జీలకర్ర వేసి, మందపాటి మూకుట్లో నూనె పోసి, రెండు అంగుళాల మందాన పరిచి, మూతపెట్టి సన్నసెగ మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు వదిలేస్తే దిబ్బరొట్టె. అడుగు ఎర్రగా కరకరలాడాక తిరగేయాలి. అది కాలుతున్నంతసేపూ నువ్వు పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. పక్కన చెరుకు పానకం గానీ ఆవకాయ గానీ. ఇంకో రాత్రి పెరుగన్నం, మిగిలిన పులుసు. మూడో రాత్రి మీ వైపు ఉప్పుడుపిండి చేసి పెట్టు, బియ్యపురవ్వా పెసరపప్పూ ఎలాగూ ఇంట్లో ఉంటాయి. మిగిలిన గారెలు తాలింపు పెట్టిన పెరుగులో వేస్తే మర్నాడు పొద్దున టిఫిను.

అరటాకుల్లోనే భోజనాలు పెట్టండి. కోనసీమ పక్కనే ఉండి పండగపూట పద్నాలుగు స్టీలు కంచాలు తోమడమేంటి? అంట్లకి వచ్చే మనిషికీ అదే పండగ, ఆవిడకీ ఇంట్లో చుట్టాలుంటారు. కాబట్టి ముందే చెప్పి, మామూలుకి రెండింతలిచ్చి, ఏ పూట రాగలదో ఆ పూటే అడగండి. గ్యాసు బండ రెండోది ఉందో లేదో ఇప్పుడే చూసుకోమను.

మాటలు మనసుకి పట్టకుండా ఉండాలంటే ఏం చేయాలని అడిగావు. నాకు తెలిసినంతలో అలాంటి మందు లేదు, పడతాయి. నువ్వు చేయగలిగింది రోజుకి ఒక గంట ఆ వంటింట్లో లేకుండా ఉండటం. సాయంత్రం నాలుగున్నరకి చీర మార్చుకుని, పాపని తీసుకుని కాలవ గట్టు వెంట నడిచి రా. ఒకరోజు పాలకొల్లు క్షీరారామం గుడికి వెళ్ళు, మీ తోడికోడల్ని కూడా రమ్మను. "ఎక్కడికి" అని అడిగితే "గుడికి" అను. మన ఇళ్ళల్లో ఆడదాన్ని మారుమాట లేకుండా బయటికి పంపించే మాట అదొక్కటే, వాడుకుంటే దేవుడేమీ అనుకోడు. ఎవరైనా పుల్లవిరుపు మాటన్నప్పుడు వెంటనే జవాబు వెతుక్కోకు. "అవునండీ, నాకు పాకం రాదు" అని ఒప్పేసుకో. రానిది రాదని ఒప్పుకున్నవాళ్ళని ఇంకేం ఏడిపిస్తారు?

నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. పండగ దగ్గరపడుతుంటే నాలుగు రాత్రులు నిద్రపట్టకపోవడం వేరు, నీది సెప్టెంబరు నుంచి నడుస్తోంది. డాక్టరుకి ఓసారి చూపించుకో. పండగ దాకా ఆగకు. ముందు ఎవరితోనైనా మాట్లాడితే బాగుండనిపిస్తే మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు ఆ చివరి వాక్యం. మూడు పేరాలు అత్తింటి గురించి రాసి, మీ అమ్మ గురించి ఒక్క వాక్యం రాశావు. అదీ నన్నేమీ అడగకుండా. తొమ్మిది సంక్రాంతులు అంటే మీ అమ్మ తొమ్మిది పండగలు నువ్వు లేకుండా చేసుకుంది. అందులో మీ నాన్న లేనివి ఎన్నో నాకు తెలీదు. ఒక్క మనిషి కోసం ఎవరూ సకినాలు చేసుకోరు. ఆ డబ్బా నిండా ఉన్నవన్నీ నీ కోసమే కూర్చుని తిప్పింది.

అత్తగారు ఆపరేషన్ నుంచి లేచిన ఏడాది కాబట్టి ఈసారి పాలకొల్లు వెళ్ళడమే సబబు. వచ్చే ఏడు సంక్రాంతి సిద్దిపేట దగ్గర అన్న మాట మాత్రం ఇప్పుడే, ఆ కాగితం మీదే మీ ఆయన చేత రాయించు. ఇప్పుడు రాయించకపోతే వచ్చే డిసెంబరులో మళ్ళీ ఇదే ఉత్తరం నాకొస్తుంది. మీ అమ్మనే పాలకొల్లు రమ్మంటే బాగుండు గానీ, వియ్యాలవారింటికి పండక్కి రావాలంటే ఆవిడ మొహమాటపడుతుంది, బలవంతపెట్టకు. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ పొద్దున్నే బయల్దేరండి. ఆ రాత్రి హైదరాబాద్‌లో పడుకుని, మర్నాడు ఇంకో సెలవు పెట్టి సిద్దిపేట వైపు వెళ్ళండి. వంద కిలోమీటర్ల దారి. వెళ్తూ పాలకొల్లు అరిసెలు ఓ డబ్బా తీసుకెళ్ళు, కొన్నవే.

ఇంకొకటి. ఈసారి పాలకొల్లులో తడిపిండి పట్టించినప్పుడు ఓ రెండు గిన్నెలు పక్కకి తీసి, గుడ్డ పరిచి, సకినాలు చుట్టు. ఎవరికీ ఏదో నిరూపించడానికని కాదు, పిల్లలు చుట్టూ చేరి మేమూ తిప్పుతామంటారు కాబట్టి. నువ్వులు పచ్చివే వేయాలా, దోరగా వేయించి వేయాలా, వాము ఎంత, ఇవి నన్నడగకు. నా సకినాల సంగతి ఇందాకే విన్నావు. మీ అమ్మకి ఫోన్ చేసి అడుగు. ముక్కనుమ మర్నాడు వస్తున్నామని కూడా చెప్పు, ఈసారి డబ్బా పంపించక్కర్లేదని.